రాకు బ్యాండులో మూడో దెబ్బ

ఆ రోజు పొద్దున నేను వరండాలో కూర్చుని కారం జల్లిస్తున్నాను. ముక్కుకూ నోటికీ కలిపి కొంగు కట్టుకుని ఉన్నాను కాబట్టి, గేటు దగ్గర నిలబడిన మనిషికి నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. నాకు పట్టలేదు. జుట్టు సగం పోయింది, పొట్ట వచ్చింది, కళ్లద్దాలు వచ్చాయి. అయినా ఎడమ భుజం కిందికి వాల్చి నిలబడే తీరు ఇరవై ఏళ్లు దాటినా అట్లాగే ఉంది. గిటారు మోసి మోసి ఆ భుజం అట్లా అయిందని మా ఆయన అనేవాడు.

"వదినా, బాగున్నావా?" అన్నాడు.

"రాకు," అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. పాత హాస్యం ఆడుతున్నాననుకున్నాడు. గేటు గొళ్లెం తానే తీసుకుని లోపలికి వచ్చేశాడు. నేను నిజంగానే అన్నానని అతనికి ఎప్పటికీ తెలియదు.

ఆ హాస్యం సంగతి చెప్పాలి. మాకు పెళ్లయి నరసరావుపేటలో కాపురం పెట్టిన కొత్తల్లో మా ఆయన, అతని స్నేహితులు ముగ్గురు కలిసి ఒక బ్యాండు కట్టారు. డ్రమ్ములు మా ఆయన. గిటారు ఇతను. పాట పాడేది బట్టల కొట్టు వాళ్ల అబ్బాయి. కీబోర్డు వాయించే నాలుగో ఆయన గురజాల దగ్గర బడిపంతులు, నోరు విప్పి మాట్లాడిన రోజు నాకు గుర్తు లేదు. సినిమా పాటలు వాయించం అన్నారు. కరెంటు కోత మీద, కాలవలో రాని నీళ్ల మీద, కిక్కిరిసిన బస్సు మీద వాళ్లే పాటలు కట్టుకున్నారు. దాన్ని రాక్ అంటారని నాకు అప్పుడే తెలిసింది. మొదటి ప్రోగ్రాముకి గుడ్డ మీద పేరు రాయించమంటే, రాసేవాడు రాక్ అనే మాట ఎప్పుడూ విని ఉండడు, "రాకు బ్యాండు" అని ఎర్ర రంగుతో ఇంత లావు అక్షరాలు రాసిచ్చాడు. దాన్ని నకరికల్లులో కట్టారు. జనం పందిరి బయటే నిలబడిపోయారు.

"రాకు అని వాళ్లే రాసుకున్నాక మనం పోతే ఏం బాగుంటది?" అంది ఒక పెద్దామె.

"అది కాదు పెద్దమ్మా, రండి, రండి," అని బట్టల కొట్టాయన మైకులో మొత్తుకున్నాడు.

"రమ్మంటే రమ్మని రాయాలిగా మరి!"

పాట మొదలయ్యాక జనం లోపలికి వచ్చారు గానీ, ఆ పేరే నిలిచిపోయింది. తర్వాత కొత్త గుడ్డ రాయించినా వాళ్లు దాన్ని మార్చలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది, అదే ఈ కథకంతటికీ ముఖ్యం. పాట ఎత్తుకునే ముందు డ్రమ్ములాయన లెక్క చెప్పాలి. అందరూ ఇంగ్లీషులో చెప్పుకుంటారట. మా ఆయన, "లాభం, రెండు, మూడు, నాలుగు" అంటాడు. మా మామగారు కళ్లాల్లో వడ్లు కొలిచేవాడు. కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. రైతు మనసు చల్లగా ఉండాలని. పక్కన బుట్ట పట్టుకుని పెరిగిన మా ఆయనకి ఒకటి అనే అంకె నోటికే రాదు. ఇప్పుడు మోటారు వైండింగ్ షాపులో రాగితీగ చుట్టేటప్పుడు కూడా లాభం అనే మొదలుపెడతాడు. ఆ తీగ కోసమని మొన్న సంక్రాంతి ముందు గుంటూరు కూడా పోయొచ్చాడు. మా మామగారికి ఇంకో అలవాటు ఉండేది. మూడో కుంచం దగ్గర ఒక్క రవ్వ ఆగి తలపాగా పైకి నెట్టుకునేవాడు. ఆ ఆగుడు కూడా మా ఆయన డ్రమ్ముల్లోకి వచ్చింది. మూడో దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. సంగీతం నాకు రాదు, కానీ ముప్ఫై ఏళ్లుగా ఆయన సాధన చేస్తుంటే పక్కగదిలో బట్టలు మడతపెట్టిన దాన్ని. నా చేతులకి ఆ ఆగుడు తెలుసు.

గిటారాయన వెళ్లిపోయింది మాచర్ల ప్రోగ్రాము రోజున. మా పెద్దపిల్ల ఒళ్లో ఉంది, నేను ముందు వరుసలో కూర్చున్నాను. వస్తాడు, వస్తాడు అని జనాన్ని కూర్చోబెట్టారు. రాలేదు. చివరికి ముగ్గురే ఎక్కారు. గిటారు రావాల్సిన చోట మా ఆయన డ్రమ్ములు ఆపి, ఖాళీగా వదిలి, మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ ఖాళీలో జనం ఈలలు వేశారు. "గిటారు మింగేశారా?" అని ఎవరో అరిచారు. వారం తర్వాత తెలిసింది, హైదరాబాదులో రికార్డింగులకి వాయించడానికి పోయాడని. చెప్పి పోతే ఎవరు ఆపేవాళ్లు? ఆ తర్వాత బ్యాండు పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ ఏడాదికి నాలుగుసార్లు వాయించే బ్యాండుగా మిగిలింది.

అట్లాంటి మనిషి ఇప్పుడు మా వరండాలో కూర్చుని, "కొత్త ఆల్బం చేద్దాం వదినా, ఎనిమిది పాటలు, అన్నీ కొత్తవి," అంటున్నాడు.

"ఇన్నేళ్లకి మేం గుర్తొచ్చామా తమ్ముడూ? అక్కడ ఎవరూ పిలవడం లేదా?"

"అది కూడా నిజమే," అన్నాడు, సిగ్గులేకుండా.

మా ఆయన షాపు నుంచి వచ్చాడు. అతన్ని చూశాడు. ఎప్పుడొచ్చావు అనలేదు, ఎందుకొచ్చావు అనలేదు. "టిఫిను చేశావా?" అన్నాడు. అంతే. మాచర్లలో తలదించుకుని డ్రమ్ములు విప్పుకున్న మనిషి, ఆ తలదించుకోవడానికి కారణమైనవాడిని చూసి అడగాల్సింది అదా? నాకు అక్కడే అనుమానం మొదలైంది. కాకపోతే ఎవరి మీద అనుమానం పడాలో అదే తప్పయింది.

ఆ రోజు నుంచి మా ఆయన మారిపోయాడు. చొక్కాలు మానేసి, మెడలోంచి తొడుక్కునే టీషర్టులు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి పసుపు రంగుది.

"ఏందయ్యా ఇది, కొత్త పెళ్లికొడుకులాగా?"

"గాలి ఆడుద్ది," అన్నాడు.

వారం తిరిగేసరికి అన్నంలో స్పూను వేసుకున్నాడు. గోంగూర పచ్చడి స్పూనుతో కలుపుకునే మనిషిని పల్నాడులో నేను చూడలేదు. హైదరాబాదు సావాసం అనుకున్నాను. వీడు నా ఇంటాయన్ని తనలాగా చేసుకుంటున్నాడు, మళ్లీ ఒక రోజు చెప్పకుండా పోతాడు, ఈసారి మా ఆయన తట్టుకోలేడు అనుకున్నాను. ఆయనకి ఇది ఆఖరి ఆల్బం అని ఎవరూ అనలేదు గానీ, అరవైకి దగ్గరపడిన మనిషికి ఇంకొకటి ఉండదని నాకూ తెలుసు. అందులో ఆయన వాయించింది ఆయనదిగా ఉండాలి. నా పట్టుదల అంతకు మించి ఏమీ కాదు.

రికార్డింగుకి నకరికల్లు రోడ్డులో బట్టల కొట్టాయన బావమరిదిది ఖాళీ గోడౌను ఒకటి దొరికింది. రేకుల కప్పు, మాట అంటే నాలుగుసార్లు తిరిగి వినపడుతుంది. శబ్దం మింగడానికి గోడలకి మందంగా ఏదైనా కట్టాలన్నాడు గిటారాయన. వీళ్లు గోతాలు తెచ్చి కట్టారు. యార్డులో మిరపకాయలు మోసిన గోతాలు! దులపలేదు కూడా. నేను పదకొండింటికి ఇడ్లీలు తీసుకెళ్లేసరికి నలుగురూ బయట రోడ్డు మీద నిలబడి, కళ్లు ఎర్రగా చేసుకుని, ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతున్నారు.

"మొదటి పాట అయిపోయిందా?" అన్నాను.

"మొదటి తుమ్ము కూడా అయిపోలా చెల్లెమ్మా," అన్నాడు బట్టల కొట్టాయన. "పాట పైకి ఎత్తితే చాలు, గొంతులో కారం దిగుతుంది."

"నన్ను అడిగితే చెప్పేదాన్నిగా. ఈ ఊళ్లో పుట్టి మిరపకాయ గోతం తెలియదా మీకు?"

"గిటారోడు మందంగా ఉండాలన్నాడు. మందమే చూశాం."

ఆ గోతాలు విప్పి, మా ఇంట్లో పాత బొంతలు ఇచ్చి కట్టించాను. ఆ బొంతల వంకతో రోజూ వెళ్లడం మొదలుపెట్టాను. ఇడ్లీలు ఒకరోజు, పులిహోర ఒకరోజు. నేను వెళ్లినప్పుడల్లా వాళ్ల మాటలు ఆగిపోయేవి. గిటారాయన కంప్యూటర్ మూత దించేవాడు.

ఒకరోజు కావాలనే గంట ముందు వెళ్లాను. తలుపు ఓరగా తీసి ఉంది. మా ఆయన డ్రమ్ముల దగ్గర కూర్చున్నాడు. పాట లేదు, గిటారు లేదు. గిటారాయన చెయ్యి పైకెత్తి, "ఇప్పుడు," అంటున్నాడు. మా ఆయన ఒక్క దెబ్బ కొడుతున్నాడు. శబ్దం పూర్తిగా చచ్చిపోయేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. మళ్లీ, "కొంచెం గట్టిగా. ఇప్పుడు." మళ్లీ ఒక్క దెబ్బ. అట్లా చిన్న డ్రమ్ము మీద, పెద్దదాని మీద, తాళం మీద. పాట వాయించే మనిషి అట్లా వాయించడు. అది కొలతలు ఇచ్చుకుంటున్నట్టు ఉంది.

లోపలికి వెళ్లాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఏందిది?"

"సౌండ్ చెక్ వదినా," అన్నాడు గిటారాయన.

"ఇన్ని ప్రోగ్రాములకి వచ్చా, సౌండ్ చెక్ ఇట్టా చేయగా చూడలేదే."

"ఇది కంప్యూటర్ పద్ధతిలే," అన్నాడు మా ఆయన. నా వైపు చూడకుండా అన్నాడు.

అక్కణ్నించి నేరుగా బట్టల కొట్టుకి వెళ్లాను. జాకెట్టు గుడ్డ చూపించమని కూర్చుని, మెల్లగా అడిగాను. ఒక్కొక్క దెబ్బ విడిగా తీసుకుంటే ఏం చేస్తారన్నయ్యా అని.

ఆయన గుడ్డ కొలవడం ఆపాడు. "కంప్యూటర్లో పెట్టుకుంటారమ్మా. ఆ దెబ్బల్ని పూలు గుచ్చినట్టు గుచ్చుతారు. కావలసిన వరసలో."

"అంటే మనిషి లేకపోయినా వాయించొచ్చా?"

"నన్ను అడగొద్దు చెల్లెమ్మా. నేను గొంతు వరకే."

ఇక నాకు అనుమానం కాదు, రూఢి. మా ఆయన దెబ్బలన్నీ ఏరుకుని సంచిలో వేసుకుని పోతాడు వీడు. ఆల్బం మీద పేరు ఉంటుంది, మనిషి ఉండడు. మాచర్లలో గిటారు లేకుండా చేశాడు, ఇప్పుడు డ్రమ్ములు లేకుండా చేస్తాడు. ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పబోయాను. ఆయన పసుపు టీషర్టులో నిద్రపోతున్నాడు, కుడిచెయ్యి దిండు కింద పెట్టుకుని. లేపలేకపోయాను.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున నలుగురూ మా ఇంటికి వచ్చారు. పాటలు అయిపోయాయి, ముందు వదినకి వినిపించాలి అన్నాడు గిటారాయన. నాకెందుకు ఈ మర్యాద అని కూడా అనుమానమే. చిన్న స్పీకర్ టీవీ పక్కన పెట్టి ఫోను కలిపాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు." మా ఆయన గొంతు. ఒళ్లు జలదరించింది, ఆ మాట వరకు. తర్వాత డ్రమ్ములు మొదలయ్యాయి. దెబ్బ ఆయనదే. ఆ తోలు, ఆ బరువు, అన్నీ ఆయనవే. కానీ నా ఒళ్లో సగం మడతపెట్టిన టవలు ఉంది, చేతులు అలవాటు కొద్దీ ఆ దరువుకి కదులుతున్నాయి. మూడో మడత దగ్గర నా చెయ్యి ఆగింది. పాట ఆగలేదు. మళ్లీ చూశాను. లాభం, రెండు, మూడు. మళ్లీ నా చెయ్యి ఒక్కటే ఆగింది. మెట్లు దిగుతూ లేని మెట్టు మీద కాలు వేసినట్టు అయింది.

"ఆపు," అన్నాను.

గిటారాయన ఆపాడు.

"ఇది మా ఆయన కాదు."

"ఆయనే వదినా. ప్రతి దెబ్బా ఆయన కొట్టిందే."

"కొట్టింది ఆయనే. వాయించింది ఆయన కాదు. మూడో దెబ్బ దగ్గర ఆగలేదు. నువ్వు గుచ్చావు దీన్ని. ఆ రోజు గోడౌనులో ఏరుకున్నావుగా, వాటితో గుచ్చావు. ఏం తమ్ముడూ, మాచర్లలో చేసింది చాలలేదా నీకు? ఈ మనిషి చేతిని కూడా ఎత్తుకుపోవడానికే వచ్చావా?"

కీబోర్డాయన నేల చూశాడు. బట్టల కొట్టాయన ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. గిటారాయన మా ఆయన వైపు చూసి, "అన్నా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

మా ఆయన లేచి లోపలికి వెళ్లాడు. బీరువాలోంచి తన తెల్లచొక్కా తెచ్చి తొడుక్కున్నాడు. పైగుండీ పెట్టుకోబోయాడు. కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుని అట్లాగే ఉన్నాయి, మిగతావి గుండీని పట్టుకుని జారవిడుస్తున్నాయి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి ఆగి నా వైపు చూశాడు.

"గుంటూరు పోయింది రాగితీగ కోసం కాదే," అన్నాడు. "డాక్టరు దగ్గరికి. మెడలో నరం నలిగిందంట. పాట మొత్తం పట్టుకోలేను. కర్ర జారిపోతంది."

"ఎప్పుడు?"

"సంక్రాంతి ముందు."

గిటారాయన వచ్చింది వేసవిలో. నేను లెక్క వేసుకుంటుంటే ఆయనే అన్నాడు, "వాణ్ని నేనే పిలిచా. చెయ్యి పూర్తిగా పోకముందు దెబ్బలైనా తీసి దాచిపెట్టుకుందామని. వాడికి ఆ పని వచ్చు."

"నీకు చెప్పొద్దన్నాడు వదినా," అన్నాడు గిటారాయన.

టీషర్టులు. స్పూను. దిండు కింద చెయ్యి. అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. ఏ పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలిగిన దాన్ని. అన్నీ చూసి, అన్నీ తీసుకెళ్లి ఇంకొకడి ఖాతాలో వేశాను. ఏడుపు వచ్చింది. దాన్ని పట్టుకుని వంటింట్లోకి పోయి, టీ పెట్టి, ఐదు గ్లాసులు తెచ్చాను. మా ఆయన గ్లాసు ఎడమచేతి వైపు పెట్టాను.

"ఒక్క పాట," అన్నాను. "ఎనిమిదిలో ఒక్కటి ఈయన చేత్తో వాయించాలి. మొదటి నుంచి చివరి దాకా. కర్ర జారితే జారనియ్యి."

"జారితే వినపడుద్దే," అన్నాడు మా ఆయన.

"వినపడనియ్యి. నకరికల్లులో రాకు అని రాసినా జనం వచ్చారుగా."

బట్టల కొట్టాయన నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. నేను మాత్రం గిటారాయన మొహం చూస్తున్నాను. అతను నవ్వడం లేదు, ఆలోచిస్తున్నాడు.

"గిటారు కొంచెం వెనకగా వాయించాలి అయితే," అన్నాడు. "అన్న కోసం ఆగాలి."

"ఆగు," అన్నాను. "ఒకసారి మేం నీ కోసం ఆగాంగా మాచర్లలో."

ఆ మాటకి అతను తలదించుకున్నాడు. ఎందుకు పోయావని అప్పుడు అడిగి ఉంటే చెప్పేవాడేమో. అడగలేదు.

ఆ పాట రికార్డు చేసిన రోజు నేను బొంతల కింద స్టూలు మీద కూర్చున్నాను. మా ఆయన కుడిచేతికి కర్రని రబ్బరు ట్యూబుతో కట్టాను, షాపులో వైర్లకి చుట్టే నల్లటి ట్యూబు. "లాభం, రెండు, మూడు, నాలుగు." మూడో దెబ్బ ఆలస్యమైంది. వెంట్రుకవాసి కాదు, ఎప్పటికన్నా చాలా ఎక్కువ. ఆ చెయ్యి పైకి లేచి కిందికి వచ్చేదాకా గిటారాయన తీగ మీద వేలు ఆనించి, మా ఆయన మణికట్టునే చూస్తూ ఆగాడు. దెబ్బ పడిన తర్వాతే మీటాడు. పాట పొడుగునా అట్లాగే ఆగాడు. రెండుచోట్ల దెబ్బ తప్పిపోయింది, ఒకచోట కర్ర అంచుకి తగిలింది. ఎవరూ ఆపలేదు. మళ్లీ తీద్దామని కూడా అనలేదు.

ఆల్బం ఇప్పుడు ఫోన్లలో ఉంది. పేరు రాకు అనే పెట్టారు. మా వీధిలో మోగినప్పుడల్లా నేను గుమ్మంలోకి వచ్చి వింటాను. ఏడు పాటలు మిషను, ఒకటి మనిషి అని మా వాళ్లు అంటారు. నాకు అదీ అనుమానమే. ఐదో పాటలో ఒకచోట మూడో దెబ్బ కొద్దిగా ఆగినట్టు ఉంటుంది. గిటారాయన నా మాట విన్న తర్వాత కంప్యూటర్లో దాన్ని అట్లా జరిపాడా, లేకపోతే అక్కడ మాత్రం మా ఆయన కూర్చున్నాడా?

నిన్న మధ్యాహ్నం గిటారాయన భోజనానికి వచ్చాడు. ఇక్కడే గది తీసుకున్నాడు. ఉంటాడో పోతాడో నాకు ఇప్పటికీ నమ్మకం లేదు, అందుకే గిటారు సంచి మా ఇంట్లోనే పెట్టుకోమన్నాను. ఐదో పాట పెట్టి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టాను.

"చెప్పండి. ఇక్కడ ఎవరు?"

"నేనే," అన్నాడు మా ఆయన.

"ఆయనే వదినా," అన్నాడు గిటారాయన, వెంటనే.

ఇద్దరూ ఒకేసారి పప్పు వైపు చెయ్యి చాపారు. పాట నడుస్తోంది. మా ఆయన ఎడమచేతి వేళ్లు కంచం అంచు మీద దరువు వేస్తున్నాయి. నేను వాళ్ల మొహాలు చూడటం మానేసి ఆ వేళ్లనే చూశాను. లాభం, రెండు.

ఆగాయి. తర్వాత మూడు.